ఒంటరి మడత

దుప్పటి అటు కొసలు గిరజాల పిల్ల చేతుల్లో, ఇటు కొసలు బడాయి చేతుల్లో, మధ్యలో విమానం దింపుకోదగ్గంత తెల్లటి మైదానం, హోటలు వాళ్ళు మంచాలు మనుషుల కోసం చేయిస్తారో ఏనుగుల జంటల కోసం చేయిస్తారో అనుకుంటూ బడాయి దుప్పటిని గట్టిగా ఒక్క దులుపు దులిపాడు, ఆ గాలికి పిల్ల నుదుటి మీద గిరజాలు లేచి పడ్డాయి, లాండ్రీ ఆవిరికి అందరి జుట్టూ చచ్చి చదునైపోతే ఆ పిల్ల జుట్టు మాత్రం స్ప్రింగుల్లా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు, అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు, వాడి అసలు పేరైతే ఆ రోజున కూడా గుర్తురాదు, ‘బడాయీ, సంతకం పెట్టు’ అంటాడు గుమాస్తా, వాడు బడాయి అనే పెడతాడు. ఇప్పుడు ఆ బడాయి గుండె డ్రయ్యర్‌లో పడ్డ బూటులా ధబధబ కొట్టుకుంటోంది. పని ఆపే హూటర్ మోగడానికి ఇంక ఎంతో సేపు లేదు. మోగగానే మడతల హాలంతా పొడవు బల్ల చుట్టూ చేరి, ఈమధ్యే పనిలో చేరిన కొత్త పిన్నిని మధ్యలో నిలబెట్టి చేతులెత్తుతుంది, ఉండాలా, పోవాలా. యజమాని ‘మడతల హాలు గొడవ మడతల హాలే తేల్చుకోవాలి’ అని తన గది తలుపేసుకున్నాడు. పాపం పిన్ని దొంగతనం చేయలేదు, దుప్పటి కాల్చలేదు, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. దుప్పట్లు ఒంటరిగా మడిచింది. అంతే. అది ఎంత ఘోరమో ఈ హాల్లో ఎవర్నడిగినా చెప్తారు, చెవి పట్టుకుని మరీ చెప్తారు, అది అసలు ఘోరమే కాదని తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడిప్పుడు దుప్పటి కొసలు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు, ఎందుకంటే ఆ ఘోరాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త వాడే.

చెప్పెయ్యాలి, ముందు ఈ పిల్లకి చెప్పెయ్యాలి, కానీ ఎలా, డ్రయ్యర్ల హోరులో ఇక్కడ చెవి పక్కన ఫిరంగి పేల్చినా ‘ఏమిటీ?’ అంటారు, దుప్పటి రెండు మడతలు పడ్డాక ఇద్దరూ ఒకరి వైపు ఒకరు నడిచి కొసలు కొసలకి కలిపినప్పుడు మాత్రమే మొహాలు దగ్గరికొస్తాయి, వాడి వేళ్ళ మీద నుంచి ఆ పిల్ల వేళ్ళు కొసలు అందుకుంటాయి, ఆ రెప్పపాటులో ఎంత పడితే అంతే మాట, తర్వాత వాడు వంగి కింది అంచు పట్టుకోవాలి, వెనక్కి నడవాలి, మళ్ళీ హోరు. ఈ లెక్కన ప్రేమించిన పిల్లకి ఉత్తరమంత మాట చెప్పాలంటే ఊరంతటి బట్టలు ఉతకాలి. నడిచారు. కొసలు కలిశాయి.

“నీకో సంగతి చెప్పాలి.”

“చెప్పు,” అంది పిల్ల, అప్పటికే వాడు వంగిపోయాడు, దుప్పటి బల్ల మీదికి పోయింది, ఇంకోటి ట్రాలీలోంచి వేడివేడిగా వచ్చింది, చేతులు కాలాయి, ఆ కాలడం కూడా బాగుంది, ఈ హాల్లో అన్నీ బాగుంటాయి వాడికి, సబ్బు వాసన, పైకప్పు నుంచి జారే ఆవిరి చుక్కలు, పక్క వరసలో జంటజంటలుగా ముందుకీ వెనక్కీ నడిచే మనుషులు, పైనుంచి చూస్తే ఏదో పెద్ద నాట్యంలా ఉంటుంది, ఆ నాట్యం నేర్పింది తనే అనుకుంటే ఒక్కోసారి ఛాతీ ఉబ్బి చొక్కా గుండీ ఊడుతుంది, ఊడిన గుండీ కుట్టిపెట్టింది ఎవరు, కొత్త పిన్నే. అదిగో, ఆ చివర కిటికీ కింద ఒక్కతే నిలబడి ఇప్పుడు కూడా మడుస్తోంది, దుప్పటి మధ్యని గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు రెక్కల్లా చాపి, ఒక్క ఊపులో కొసలు కలిపేస్తుంది, చూడ్డానికి కొంగ చేపని పట్టినట్టుంటుంది, ఎంత నీటు, ఎంత జోరు. ‘చేతులు మంచివే, మనసే మంచిది కాదు’ అంటారు ఇప్పుడు. ఆవిడ టిఫిన్ డబ్బా పక్కన ఎవరూ తమ డబ్బా పెట్టరు. ఆవిడ కూర్చున్న స్టూలు మీద దుమ్ము తుడిచినట్టు తుడిచి కూర్చుంటారు. ఆవిడ ముందు పనిచేసిన లాండ్రీ మూతపడింది, ఇది కూడా పోతే ఈ వయసులో ఇంకెవరు పిలుస్తారు, రోజూ అందరికంటే ముందొచ్చి అందరి ఏప్రన్లకి ఊడిన తాళ్ళు కుట్టిపెట్టే మనిషి, ఆ తాళ్ళు కట్టుకునే అందరూ ఇవాళ ఆవిడ మీద చెయ్యెత్తబోతున్నారు.

అసలు అప్పట్లో అందరూ ఒంటరిగానే మడిచేవాళ్ళు కదా! ఒక్కొక్కరికీ ఒక్కో బల్ల, ఎవరి దుప్పటి వాళ్ళది, పిల్లది ఈ కొస బల్ల, వాడిని దిండు గలీబుల దగ్గర పడేశారు ఆ కొసన, దిండు గలీబంటే రుమాలుకి అన్నయ్య, దాన్ని మడవడానికి మనిషి కూడా అక్కర్లేదు, గట్టిగా ఊదితే అదే మడుచుకుంటుంది. వాడు గలీబుల గుట్ట వెనక నుంచి గిరజాలు చూస్తూ చూస్తూ మెడ జిరాఫీది అయిపోతున్న రోజుల్లో, ఒక వాన మధ్యాహ్నం, హాలంతటికీ పెద్దదిక్కయిన పెద్దక్క పక్కన నిలబడి టీ తాగుతూ, మొహంలో ఒక్క గీత కదలకుండా అన్నాడు, మా పక్కింటాయన దుప్పటి ఎప్పుడూ ఒక్కడే మడుచుకునేవాడు పెద్దక్కా, ఇప్పటికీ ఒక్కడే ఉన్నాడు. అంతే అన్నాడు. ఆ మొహం పెట్టడం వాడికి బళ్ళోనే వచ్చు, నవ్వు వచ్చేటప్పుడు నాలుక కొసని వెనక పళ్ళకి అదిమిపెట్టాలి, నవ్వు అక్కడే చచ్చిపోతుంది, పైకి మాత్రం కుడి బుగ్గ మీద బఠాణీ గింజంత సొట్ట పడుతుంది, అదొక్కటే ఆనవాలు, ఆ ఆనవాలు తెలిసినవాళ్ళు వాడి చెల్లెలు తప్ప భూమ్మీద లేరు. పెద్దక్క నవ్వుతుందనుకున్నాడు. నవ్వాక, ‘అయితే నేను పోయి ఆ పిల్ల దుప్పటి పట్టుకోనా, పాపం ఒంటరిదైపోతుంది’ అందామనుకున్నాడు, జోకు అంతవరకే కట్టుకొచ్చాడు. పెద్దక్క నవ్వలేదు. టీ గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది. చాలాసేపు కిటికీలోంచి వాన చూసింది. తర్వాత నెమ్మదిగా, “మా ఇంట్లో కూడా నేనే మడిచేదాన్నిరా, ఆయన్ని ఒక్కసారి కూడా పట్టుకోనివ్వలేదు, ఆయనకి చేతకాదని,” అంది. పెద్దక్క మొగుడు చెప్పకుండా వెళ్ళిపోయి ఎన్నో ఏళ్ళయింది, ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలీదు, ఆవిడకీ తెలీదు, ఇప్పుడు తెలిసింది. ఆ గ్లాసులో టీ చల్లారేలోపు ఆవిడకి అన్నేళ్ళుగా దొరకని కారణం దొరికింది. జోకండీ పెద్దక్కా అని ఎలా అంటాడు? బుగ్గ సొట్ట అలాగే ఉండిపోయింది, లోపల నవ్వు నిజంగానే చచ్చిపోయింది.

మళ్ళీ కొసలు కలిశాయి. పిల్ల వేలి మీద సబ్బు పొక్కు, అది వాడి వేలికి తగిలింది, ఒళ్ళంతా కరెంటు.

“ఒంటరి మడత మాట ఉందే, అది నేనే పుట్టించా.”

పిల్ల ఏమందో వినబడలేదు, వాడు వంగి అంచు అందుకుని వెనక్కి వచ్చేశాడు, అంత దూరం నుంచి మొహం చూశాడు, మొహంలో ఏమీ లేదు, దుప్పటి దులిపింది, అంతే. వినబడలేదా, వినబడిందా, ఇంకో దుప్పటి దాకా ఆగాలి, ఈ దుప్పట్లు ఇంత పొడవెందుకు, దిండు గలీబులే నయం! ఆ వాన మర్నాడే పెద్దక్క హాలంతటికీ చెప్పేసింది కదా, ఇకనుంచి దుప్పటికి ఇద్దరు, ఒంటరిగా మడిచిన దుప్పటి కప్పుకున్నవాళ్ళు ఒంటరివాళ్ళవుతారు, మన చేతుల మీదుగా ఎందుకా పాపం అని. వాడిని గలీబుల దగ్గర్నుంచి తెచ్చి గిరజాల పిల్లకి జత వేసింది కూడా. అప్పటికి అది కొత్త మాట. వారం తిరక్కుండా పాత మాటైపోయింది. బాయిలర్ బాబాయి, బొగ్గు మసి మధ్య కూర్చుని ఉన్నవీ లేనివీ అన్నీ తెలిసినట్టు తలూపే మనిషి, ‘ఇది మా తాత చెప్పేవాడర్రా’ అన్నాడు. ఇస్త్రీ వాళ్ళకి తమ మేనత్త గుర్తొచ్చింది, ఒంటరిగా మడిచేదిట, పెళ్ళే కాలేదట. లారీ డ్రైవరుకి ఒక కుక్క గుర్తొచ్చింది, దానికి దుప్పటికీ ఏమిటి సంబంధమో వాడికే తెలియాలి, కానీ అందరూ అయ్యో అన్నారు. ఒక్కొక్కళ్ళ జీవితంలోంచి ఒక్కో సాక్ష్యం బయటికొచ్చి బల్ల మీద పడింది, సాక్ష్యాల గుట్ట దుప్పట్ల గుట్టని మించిపోయింది, దానికి ఎదురు చెప్పడానికి ఒక్కడి దగ్గరా ఒక్క సాక్ష్యం లేదు, ఎందుకంటే కలిసున్నవాళ్ళ దుప్పట్లు ఎవరు మడిచారో ఎవరు కనుక్కుంటారు? యజమాని ఇంకా తెలివైనవాడు, మూటల మీద ‘ఇద్దరు మడిచినది’ అని ముద్ర కొట్టించాడు. హోటళ్ళ వాళ్ళు ముద్ర లేని మూట వస్తే వెనక్కి పంపించడం మొదలెట్టారు, ఆసుపత్రి వాళ్ళయితే ముద్ర ఉన్న దుప్పటి కప్పితే రోగులు తొందరగా ఇంటికి పోతున్నారని పొగిడారు, ఆ లెక్కన ఇంకొన్నాళ్ళకి ఈ లాండ్రీ దుప్పటి కప్పుకుంటే అప్పుల వాళ్ళు కూడా కనబడకుండా పోతారు.

నవ్వుకో, నవ్వుకో, మొన్న ఇంట్లో ఏం చేశావు? బడాయికి చెవులు ఎర్రబడ్డాయి. మొన్న సెలవు రోజు పొద్దున్న ఇంట్లో తన దుప్పటి తను మడవబోయి, గడ్డం కింద పెట్టి, చేతులు చాపి, ఆగిపోయాడు. చేతులు ముందుకు రాలేదు. తప్పు చేస్తున్నట్టు. ఎవరో చూస్తున్నట్టు. తను పుట్టించిన మాట, తన నోట్లోంచి టీ ఆవిరితో పాటు బయటికి వచ్చిన మాట, అది తిరిగొచ్చి తన గదిలో మూల నిలబడి గుడ్లురుముతోంది. వెళ్ళి చెల్లెల్ని నిద్ర లేపాడు, లేచి ఆ కొస పట్టుకోవే అన్నాడు, అది తిట్టుకుంటూ పట్టుకుంది. చెల్లెలి సంగతి వేరే ఉంది, దాని పొట్టితనానికి కారణం వాడే. చిన్నప్పుడు అది నేల మీద బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటుంటే వాడు దాని మీద నుంచి దాటాడు, అమ్మ వంటింట్లోంచి ‘దాటితే పిల్ల ఎదగదురా, వెనక్కి దాటు, వెనక్కి దాటు’ అని అరిచింది, వాడు తిరిగేలోపే ఆ రాక్షసి లేచి కూర్చుంది, ఇక దాటడానికి ఏముంది? అమ్మ పొట్టి, నాన్న పొట్టి, వాళ్ళ వంశంలో అలమరా పై అర చేత్తో అందుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు, అయినా సరే చెల్లెలి పొట్టితనం మాత్రం వాడి కాళ్ళ వల్లే. ‘నువ్వు దాటకపోతే ఆ డబ్బా నేనే తీసుకునేదాన్ని, తీసివ్వు’ అంటుంది ఇప్పటికీ, వాడు నోరెత్తకుండా కుర్చీ ఎక్కి తీసిస్తాడు. లెక్క తెలుసు, బుద్ధి తెలుసు, కానీ కడుపులో ఆ మూల ఎక్కడో గుచ్చుకుంటుంది, అయ్యో, ఆ రోజు వెనక్కి దాటి ఉంటే! తప్పంటే ఇదే కాబోలు, ఎవరో అన్న మాట కడుపులోకి దిగి ఎముకైపోవడం, మరి దీన్ని ఎలా పీకుతాడు, తన కడుపులోంచే పీకలేనివాడు హాలంతటి కడుపుల్లోంచి హూటర్ మోగేలోపు ఎలా పీకుతాడు?

కొసలు కలిశాయి. పిల్ల కళ్ళలోకి సూటిగా చూసింది.

“ఆ మాట మా నానమ్మ చెప్పేది,” అంది.

అయిపోయింది! ఈ పిల్ల కూడా! వాడు వంగుతూ వంగుతూ అంచుని వదిలేశాడు, దుప్పటి నేల తాకబోయి పిల్ల చేతి విసురుకి పైకి లేచింది, పక్క జంట వాళ్ళు ‘చూసుకోరా బడాయీ’ అని అరిచారు, వాడికి ఏమీ కనబడటం లేదు, ఆ నానమ్మ సంగతి వాడు ఎప్పుడో విన్నాడు, మొదటి రోజుల్లో పెద్దక్క ఇంకా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు ఈ పిల్లే కదా ‘అవును పెద్దక్కా, మా నానమ్మ కూడా అనేది’ అని మేకు దిగ్గొట్టింది, అందరూ సర్దుకున్నది ఆ నానమ్మ దెబ్బకే. అంటే ఆ మాట నిజంగానే పూర్వం ఉందా? తను పుట్టించాననుకున్నది ఎక్కడో పుట్టి తిరుగుతూ తిరుగుతూ తన నోటికి వచ్చిందా? బుర్ర డ్రయ్యర్‌లో పడి తిరుగుతోంది. నిన్నటి గొడవ చూడు, డ్రైవరు తెచ్చిన కబురు, హోటల్లో దిగిన కొత్త జంట పొద్దున్నే గొడవపడి చెరో టాక్సీ ఎక్కి వెళ్ళిపోయారట, ఆ మంచం మీది దుప్పటి ఎవరు మడిచారని, ఆ మూటలో విప్పకుండా మిగిలినవి తిరగేస్తే కొత్త పిన్ని మడత, కొస కూడా చెక్కుచెదరని గడ్డం మడత. హాలు హాలంతా నోటి మీద చెయ్యి వేసుకుంది. ‘వాళ్ళు పళ్ళు తోముకునే బ్రష్షులు మారిపోయి కొట్టుకున్నార్రా, నేను విన్నా’ అని డ్రైవరు ఎంత మొత్తుకున్నా ఎవరికీ బ్రష్షులు అక్కర్లేదు. పెద్దక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడకి కోపం కాదు అది, ఎక్కడో తెలీని ఒక కొత్త పెళ్ళికూతురు తనలాగే ఒక్కతే టాక్సీలో కూర్చుందని. మంచి మనుషులు, అందరూ మంచివాళ్ళే, చెడ్డవాడు ఒక్కడుంటే ఎంత హాయి, వాణ్ణి తిట్టి ఇంటికి పోవచ్చు, ఇక్కడ ఒక మంచితనం ఇంకో మంచి మనిషిని బయటికి గెంటుతోంది.

ఇంకో దుప్పటి. ఆఖరి ట్రాలీ తలుపు దగ్గరికి వచ్చేసింది. నడిచారు. ఈసారి పిల్ల కొసలు వెంటనే అందుకోలేదు, వాడి చేతుల్లోనే ఉంచి, వాడి చెవి దగ్గరికి వంగి, గిరజాలు బుగ్గకి తగిలేలా వంగి,

“నాకు నానమ్మ లేదు. నేను పుట్టకముందే పోయింది,” అంది.

“మరి?”

“మరేం చెయ్యను? ఎవరో ఒకరు గట్టిగా అనకపోతే పెద్దక్క నిన్ను మళ్ళీ గలీబుల దగ్గరికి పంపించేసేది.”

ఓహో! ఓహోహో! బడాయి వెనక్కి నడవలేదు, తేలాడు, పైకప్పు తగలకపోవడం ఒక వింత, బాయిలర్ కన్నా ఎక్కువ ఆవిరి వాడి చెవుల్లోంచి వచ్చింది, అంటే ఈ పిల్ల కూడా గుట్ట అవతల నుంచి మెడ చాస్తోంది, ఇన్నాళ్ళూ ఈ దుప్పట్ల మైదానం మీద ఇద్దరు దొంగలు ఎదురెదురుగా నడిచి చేతులు కలుపుకుంటున్నారు, ఒక దొంగ జోకు వేశాడు, ఇంకో దొంగ నానమ్మని తెచ్చింది, ఆ నానమ్మ ఊరందరి తాతల్నీ లేపింది, ఆ తాతలందరూ కలిసి, కలిసి… కిటికీ కింద కొత్త పిన్ని ఆఖరి దుప్పటి గడ్డం కింద పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తేలుతున్నవాడు నేల మీద పడ్డాడు. తమ ఇద్దరి వేళ్ళు తగలడానికి ఆవిడ వేళ్ళకి పని లేకుండా పోతోంది. పిల్ల కూడా అటే చూస్తోంది. ఆ కళ్ళలో నీళ్ళు. హూటర్ మోగింది.

డ్రయ్యర్లు ఒక్కొక్కటే ఆగిపోతే హాల్లో ఎంత నిశ్శబ్దమో, మనుషుల గుటకలు కూడా వినబడతాయి. బల్ల చుట్టూ చేరారు. పిన్ని మధ్యలో ఏప్రన్ విప్పి మడిచి చేతిలో పట్టుకుని నిలబడింది, దాన్ని కూడా ఒంటరిగానే మడిచింది. పెద్దక్క గొంతు సవరించుకుంది, ఆవిడ ఇంకా నోరు తెరవకముందే బడాయి బల్ల మీదికి ఎక్కినంత పని చేశాడు, “పెద్దక్కా, ఆ మాట నేనే పుట్టించాను, అంతా జోకు, పక్కింటాయనా లేడు, వాడి దుప్పటీ లేదు, మా పక్కిల్లు ఎప్పటి నుంచో ఖాళీ!” అని ఒక్క ఊపిరిలో కక్కేశాడు. ఇప్పుడు తిడతారు, కొడతారు, కొట్టినా ఫరవాలేదు. ఎవరూ కొట్టలేదు. బాయిలర్ బాబాయి జాలిగా చూశాడు.

“ఒరేయ్, మా తాత చెప్పిన మాట నువ్వెలా పుట్టిస్తావురా? మా తాత పోయేనాటికి నీకు పాలపళ్ళు కూడా రాలేదు.”

“నాకు నానమ్మే లేదు, నేనూ అబద్ధమే చెప్పా,” అంది గిరజాల పిల్ల.

“నానమ్మ లేకుండా ఎలా పుట్టావే? మీ నాన్న చెట్టుకి కాశాడా?” అన్నారు ఇస్త్రీ వాళ్ళు, హాలంతా నవ్వింది, ఆ నవ్వులో వాళ్ళిద్దరి నిజం కొట్టుకుపోయింది. పెద్దక్క మాత్రం నవ్వలేదు. వాడి వంక ఎంత ప్రేమగా చూసిందో, “కూర్చో బడాయీ. పిన్ని మీద జాలితో అంటున్నావు, నీ మనసు మంచిది. కానీ దానికోసం అబద్ధం చెప్పకూడదు,” అంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత వాడు చెప్పిన మొట్టమొదటి నిజానికి వాడికి దక్కిన తిట్టు అది. కూర్చున్నాడు. ఆ మాటకి ఇక వాడి అవసరం లేదు, పెరిగి పెద్దదై ఇల్లు కట్టుకుని పిల్లల్ని కంది, వీధిలో వాడు ఎదురైతే గుర్తుపట్టదు. పెద్దక్క పిన్ని వైపు తిరిగి, “చెయ్యెత్తే ముందు నీ మాట కూడా వినాలి కదా. ఎందుకమ్మా, ఇంతమందిమి చెప్పినా, ఎందుకు?” అంది, అడిగిందే కానీ అప్పటికే ఆవిడ చెయ్యి సగం లేచి ఉంది.

పిన్ని ఏప్రన్ని బల్ల మీద పెట్టింది.

“నేను పనిచేసింది ఆసుపత్రి లాండ్రీలో కదమ్మా. అక్కడ దుప్పటిని ఇద్దరు పట్టుకునేది ఒక్క పనికే. పోయినవాళ్ళ మీద కప్పడానికి. తల వైపు ఒకరు, కాళ్ళ వైపు ఒకరు. బతికున్నవాళ్ళ దుప్పటి ఇద్దరు పట్టుకున్నారంటే వాళ్ళ చావు కోరుకున్నట్టే. ఇక్కడికి వచ్చిన రోజు మీరందరూ ఇద్దరిద్దరు నిలబడి హోటళ్ళ దుప్పట్లన్నీ అలా పట్టుకుంటుంటే గుమ్మంలోనే నిలబడి దణ్ణం పెట్టుకున్నా. ఇంత మంచి మనుషులు ఇంత పాపం ఎలా చేస్తున్నారా అనుకున్నా. చెప్తే బాధపడతారని నోరు మూసుకున్నా. నా వాటా దుప్పట్లయినా కప్పుకున్నవాళ్ళు చల్లగా ఉండాలని ఒక్కదాన్నే మడుచుకున్నా, తల్లీ.”

పైకప్పు నుంచి ఒక ఆవిరి చుక్క బల్ల మీద పడింది, అందరూ ఉలిక్కిపడ్డారు. ఇస్త్రీ వాళ్ళు తమ చేతులు తాము చూసుకున్నారు. ఇంకా ఒక దుప్పటి పట్టుకుని నిలబడ్డ ఇద్దరెవరో దాన్ని పాముని వదిలినట్టు వదిలేశారు, బాబాయి అరచేతులు చొక్కాకి రుద్దుకున్నాడు, ఆయన దుప్పటి పట్టుకున్న పాపాన పోలేదు, అయినా రుద్దుకున్నాడు. బడాయి వెన్నులో జిల్లుమంది, వాడికి కూడా! తల వైపు తను, కాళ్ళ వైపు గిరజాల పిల్ల, ఇన్నాళ్ళూ నవ్వుకుంటూ, వేళ్ళు తగిలించుకుంటూ, ఛీ, ఏం చేశాం మేము అనిపించింది ఒక్క క్షణం, ఆ మరుక్షణమే లోపల ఏదో చిటపటలాడింది, ఆగు, ఆగు, అక్కడ కూడా ఎవడో ఉండి ఉంటాడు! ఆ ఆసుపత్రి లాండ్రీలో ఎప్పుడో, తన దుప్పటి అవతలి కొస పట్టుకునే మనిషి నోటి కంపు భరించలేక, టీ తాగుతూ, మొహంలో గీత కదలకుండా ఒక మాట అని ఉంటాడు, ఆ తర్వాత వాడి మాటకి తాతలు మొలిచి ఉంటారు! లోకమంతా ఇలాగే ఉందా, ప్రతి తప్పు అడుగునా, ప్రతి ఒప్పు అడుగునా, ఒక టీ గ్లాసు పట్టుకుని ఒక వెధవ నిలబడి ఉన్నాడా? వాడికి ఆ వెధవని వెళ్ళి కావలించుకోవాలనిపించింది. ఏడవాలనిపించింది. ఎగరాలనిపించింది.

కానీ తలుపు దగ్గర ఆఖరి ట్రాలీ ఉంది, దుప్పట్లు వేడిగా పొగలు కక్కుతున్నాయి, లారీ బయట హారన్ కొడుతోంది. ఒంటరిగా మడిస్తే కాపురాలు కూలిపోతాయి, ఇద్దరు మడిస్తే ప్రాణాలు పోతాయి. హాలంతా ట్రాలీని అందులో సింహం ఉన్నట్టు చూస్తోంది. “మరి ఎలా మడవాలి?” అంది పెద్దక్క, ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించేసిందో ఆవిడకే తెలీదు, గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. బడాయి నాలుక కొస తనంతట తనే వెనక పళ్ళ దగ్గరికి పోయింది. ఒక్క మాట, ఒక్క సొట్ట, అయిపోతుంది, మాట నోట్లో తయారైపోయింది కూడా, కానీ పెద్దక్క మొహం చూశాడు, ఆ వాన మధ్యాహ్నం చూసిన మొహమే, నాలుక వెనక్కి తీసేసుకున్నాడు. వద్దు. ఇంకో ఎముక వద్దు.

“ముగ్గురైతే ఏ దోషమూ అంటదు,” అన్నాడు బాయిలర్ బాబాయి. “మా తాత చెప్పేవాడు.”

బడాయి గిరుక్కున తిరిగి ఆయన బుగ్గ చూశాడు. సొట్ట లేదు. మసి ఉంది, గడ్డం ఉంది, సొట్ట లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తాత గుర్తొచ్చాడు, కళ్ళు చెమర్చాయి కూడా. “అవునవును, ముగ్గురని మా మేనత్త కూడా అనేది,” అన్నారు ఇస్త్రీ వాళ్ళు. “మా వైపు కూడా ఉందమ్మా ఆ మాట, మర్చేపోయా,” అంది కొత్త పిన్ని. పెద్దక్క తనలో తను అనుకున్నట్టు, “మా ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. మూడో మనిషి ఉంటే కాపురం నిలబడేదేమో,” అంది, మొహం తేటపడింది, ఆవిడ కారణం ఆవిడకి ఉండిపోయింది, ఇంకాస్త మెత్తటిది. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు, పిన్ని ఉండాలని, కొందరు రెండు చేతులూ ఎత్తారు, ముగ్గురికి లెక్క కుదరాలంటే మనుషులు కావాలి కదా, ఒక్కర్ని కూడా పోనివ్వడానికి వీల్లేదు, యజమాని రేపు జుట్టు పీక్కుంటాడు, పీక్కోనీ, కొత్త ముద్ర చేయించుకుంటాడు.

ట్రాలీ ముందుకు వచ్చింది. “పిన్నీ, నువ్వు ఆ ఇద్దరి మధ్యలోకి పో,” అంది పెద్దక్క, నీకో చోటు చూపిస్తున్నా అన్నంత ప్రేమగా, బడాయికి ఆ ఇద్దరెవరో అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. దుప్పటి అటు కొసలు గిరజాల పిల్ల చేతుల్లో, ఇటు కొసలు వాడి చేతుల్లో, మైదానం నట్టనడుమ కొత్త పిన్ని, మధ్య మడతని గడ్డం కింద నొక్కుకుని, కొంగలా. పిన్ని పని నిలబడింది, హాలు నవ్వుతోంది, అన్నీ బాగున్నాయి, తను జన్మలో ఇంక ఆ వేళ్ళు తాకలేడు, అంతేగా, పోతే పోనీ అనుకున్నాడు వీరుడిలా, వేళ్ళు మాత్రం అప్పటికే కొసల చివరికి జరిగాయి. దులిపారు. మడిచారు. నడిచారు. కొసలు దగ్గరికొచ్చాయి, మధ్యలో పిన్ని తల, అటు నుంచి గిరజాలు, పిల్ల పెదవి కొరుక్కుంటోంది నవ్వాపుకుంటూ.

సరిగ్గా కొసలు తగిలే వేళకి పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుంది.

“ఏమైంది పిన్నీ?”

“మూలలు కలిసేటప్పుడు మూడో మనిషి చూడకూడదు బాబూ,” అంది పిన్ని కళ్ళు తెరవకుండానే. “మా వైపు అది చాలా తప్పు. ఎంతసేపైనా మూసుకునే ఉండాలి.”

వాడి వేళ్ళ మీదికి పిల్ల వేళ్ళు వచ్చాయి, వచ్చి ఉండిపోయాయి. బడాయి పిన్ని మొహంలోకి వంగి చూశాడు. ఒక్క గీత కదలడం లేదు. కుడి బుగ్గ మీద, గడ్డం కింది దుప్పటికి కాస్త పైన, బఠాణీ గింజంత సొట్ట.